వెంకట్రాజం సీసా

మామునూరు మైదానం చివర విమానం పెట్టే రేకుల షెడ్డు ఒకటి ఉండేదట. పొద్దు గూకితే ఆ పక్కకు ఎడ్లబండి కూడా తిప్పేవాళ్లు కాదట. తాళం వేసిన షెడ్డులో ఎవరో తిరుగుతారని, సందుల్లోంచి లాంతరు వెలుగు కనబడుతుందని, ఇనుము మీద ఇనుముతో కొట్టినట్టు — టక్... టక్... — చప్పుడవుతుందని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. చూసినవాళ్లు మాత్రం దొరికేవాళ్లు కాదు. ఎవరినడిగినా వాళ్ల బామ్మర్దే చూశాడు.

దెయ్యం పేరు వెంకట్రాజం. బతికున్నప్పుడు అదే షెడ్డులో విమానం మిస్త్రీ. విమానం ముక్కున తిరిగే పంకా తగిలి తల తెగిందని, ఆ తల కోసమే రాత్రుళ్లు వెతుక్కుంటాడని కథ. నిజానికి పాపం ఆయన చలిజ్వరంతో దవాఖానలో మంచం మీదే పోయాడు. కానీ చలిజ్వరం దెయ్యానికి ఎవరు భయపడతారు? అందుకని జనమే ఆయన తల తీసేశారు.

ఇక ఆ విమానం సంగతి. యుద్ధం అయిపోయి, తెల్లవాళ్ల పాత సామానంతా అగ్గువకు అమ్ముడుపోతున్న రోజులవి. మట్టెవాడ బట్టల వ్యాపారి రామలింగం శేఠ్, ఎదురు కొట్టాయన మోటారు కారు కొన్నాడన్న కడుపుమంటతో ఏకంగా విమానమే కొన్నాడు. ముందొకరు, వెనకొకరు కూర్చునే, రెక్కలకు గుడ్డ అతికిన బొంత లాంటి విమానం. దాన్ని నడపడానికి హన్మకొండ వకీలుగారబ్బాయి కిషన్ రావును పెట్టుకున్నాడు. బాగుచేయడానికి వెంకట్రాజం, ఆయన పోయాక ఆయన కిందే పని నేర్చుకున్న పాండురంగం.

శేఠ్‌కు ఆకాశమంటే మోజే కాదు, ప్రాణమన్నా తీపే. అందుకని ఒక ఆనవాయితీ పెట్టాడు. తను ఎక్కే ముందు మిస్త్రీ ఎక్కాలి. కిషన్ రావుతో ఒక చుట్టు తిరిగి కిందికి రావాలి. ఇద్దరూ బతికే వస్తే అప్పుడు శేఠ్ ఎక్కుతాడు. వంట రుచి చూసే మనిషిని పెట్టుకున్నట్టు ఆయన పాండురంగాన్ని పెట్టుకున్నాడన్నమాట.

పైలటుకూ మిస్త్రీకీ ఒకరంటే ఒకరికి ఎంత నమ్మకమో పదిమందిలో చూడాలి.

“పాండురంగం చూసిండంటే బ్రహ్మదేవుడు చూసినట్టే. నేను మళ్ల చూసుడెందుకు?” అని కిషన్ రావు విమానం వంకైనా చూడకుండా టోపీ పెట్టుకుని ఎక్కేసేవాడు.

“సాబ్ నడిపితే నేను కండ్లు మూసుకోని కూసుంట,” అని పాండురంగం. ఆ మాట మాత్రం నిజమే, పైకి లేచింది మొదలు దిగేదాకా కళ్లు మూసుకునే ఉండేవాడు.

వెంకట్రాజం ఉన్నప్పుడు ఈ మర్యాదలేవీ లేవు. ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు, తన చేతులతో సహా. పానా పిడితో పెట్రోలు టంకీని టక్ టక్‌మని కొట్టి, అడుగున కుళాయి తిప్పి, గాజు సీసాలోకి కాస్త పెట్రోలు పట్టి ఎండకెత్తి చూసేవాడు. పెట్రోలులో నీళ్లు కలిస్తే అడుక్కు దిగుతాయి. ఆ నీళ్లే ఇంజన్లోకి పోతే నడి ఆకాశంలో ఇంజను ఆగిపోతుంది. ఒకసారి చూసి ఊరుకునేవాడా అంటే అదీ లేదు. మళ్లీ కొట్టి, మళ్లీ పట్టేవాడు. “పెట్రోలంత నీ సీసాలకే సరిపోతాంది గదనే,” అని కిషన్ రావు నవ్వేవాడు. ఆయన పోయాక సీసా దూలం మీదికెక్కింది.

పాండురంగం చూపంతా పంకా మీదే. అది చెక్క పంకా, ఇంజను ముక్కుకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఎక్కే ముందురోజు సాయంత్రం ఆ బోల్టులు బిగించి, నట్టు మీంచి కిందిదాకా సున్నంతో సన్నని గీత గీసి తాళం వేసి పోయేవాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

పొద్దున వచ్చి చూస్తే గీత విరిగి ఉండేది. ప్రతిసారీ.

నట్టు ఎటు జరిగిందో, వదులైందో బిగిసిందో నిదానంగా చూడాలని మనకు తోస్తుంది, ఇంట్లో కూర్చున్నాం కాబట్టి. పాండురంగానికి ఆ గీత చూడగానే దెయ్యమే గుర్తొచ్చేది. పానా పెట్టి, పళ్లు బిగబట్టి, ఇంకాస్త బిగించి ఎక్కి కూర్చునేవాడు. ఎవరికి చెప్పుకుంటాడు? మిస్త్రీ దెయ్యానికి భయపడుతున్నాడంటే కొలువు పోతుంది.

పోయినసారి గాల్లో పంకా అదిరింది. కళ్లు మూసుకున్నా ఆ అదురు పళ్లలోకి తెలిసింది. మళ్లీ రేపు పొద్దున ఎక్కాలి. శేఠ్ కొత్త కొట్టు తెరుస్తున్నాడు, పైనుంచి పూలు చల్లాలట.

“రేపు ఎక్కకు,” అంది భార్య అనసూయ. అన్నం ముందు పెట్టుకుని ముద్ద ఎత్తని మొగుణ్ని ఆమె చాలాసేపటి నుంచి చూస్తోంది.

“ఎక్కకపోతే శేఠ్ ఊకుంటడా?”

“నీకేమన్న అయితే శేఠ్ వచ్చి నన్ను సాదుతడా? ఆయన పూలు ఆయన్నే చల్లుకోమను.”

పాండురంగానికి పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. ఈ మనిషిని వదిలి పోవాలని ఆయనకు లేదు. లేచి చెయ్యి కడుక్కుని, సైకిలు తీశాడు. వెంకట్రాజం తనకు పని నేర్పిన మనిషి... తలలేకపోయినా మాట వినకపోతాడా? కాళ్లమీద పడి అడుగుదామనుకున్నాడు.

ఉర్సు గుట్ట దాటాక రోడ్డు మీద కుక్క కూడా లేదు. వానకు తడిసిన మట్టి, కప్పల అరుపులు. మైదానం దగ్గరికి వచ్చేసరికి కప్పలూ ఆగిపోయాయి. షెడ్డు కాపలాదారు మొగిలయ్య కనబడలేదు. ఆయన ఎప్పుడూ షెడ్డుకు బాగా దూరంగా, రోడ్డవతల పడుకుని కాపలా కాసేవాడు.

తాళం తీసి ఉంది.

తలుపు సందులో... పసుపుపచ్చని వెలుగు.

టక్... టక్...

పాండురంగం వెనక్కి తిరుగుదామనుకున్నాడు. నోరు మాత్రం దానంతటది తెరుచుకుంది.

“వెంకట్రాజమన్నా...”

లోపల వెలుగు టప్పున ఆరిపోయింది. చిమ్మచీకటి. ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడు... ఆ తర్వాత ఒక గొంతు —

“ఎ... ఎవరు? వెంకట్రాజమా?”

దెయ్యం తన పేరు తననే అడుక్కోవడం పాండురంగానికి వింతగా తోచింది. అగ్గిపుల్ల గీశాడు. విమానం ముక్కు దగ్గర, లుంగీ మీద, చేతిలో పానాతో కిషన్ రావు.

పుల్ల వేలు కాల్చేదాకా ఇద్దరూ అట్లాగే చూసుకున్నారు.

“సాబ్... మీరేం జేస్తాండ్లు ఈడ?”

“బోల్టులు చూస్తాన,” అన్నాడు కిషన్ రావు మెల్లగా. లాంతరు మళ్లీ ముట్టించాడు. “ఎక్కే ముందురాత్రి నా తాళంచెవితోటి వచ్చి బిగించి పోత. అవతలిదిక్కు పెన్సిలుతోటి గీత గూడ పెడత. మళ్ల వచ్చేసరికి గీత తప్పి ఉంటది. నువ్వే... వదులు చేసి పెడుతున్నవేమో అనుకున్న.”

“నేనా?” పాండురంగానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ముందు సీట్ల కూసునేది నేనే గద సాబ్. నా పంకా నేనే వదులు చేసుకుంటనా?”

కిషన్ రావు తల వంచుకున్నాడు. పదిమందిలో బ్రహ్మదేవుడని పొగిడి, రాత్రిపూట దొంగలా వచ్చి ఆ బ్రహ్మ రాసింది దిద్దిపోతున్నాడు మరి. పాండురంగానికి కోపం వచ్చింది కానీ, అడిగే మొహం తనకు మాత్రం ఎక్కడిది? గీత విరిగింది సాబ్ అని ఒక్కనాడూ చెప్పలేదు.

“మీరు రాత్రి బిగిస్తాండ్లు,” అన్నాడు చివరికి. “నేను పొద్దుగాల మళ్ల బిగిస్తాన...”

ఆ మాట సగంలో ఉండగానే ఇద్దరి కళ్లూ పంకా మీదికి పోయాయి. లాంతరు దగ్గరికి పెట్టి, నట్లు విప్పి, మీది ఇనుప బిళ్ల తీశారు.

కింద చెక్క, రెండింతల బిగింపుకు నలిగి పీచులు లేచింది. బోల్టు రంధ్రం దగ్గర మొదలై, చిటికెన వేలు పొడుగున పగులు. ఇంకో రెండుసార్లు నమ్మకంగా బిగించి ఉంటే పంకా గాల్లోనే ముక్కలయ్యేది. దెయ్యం ఏ పాపమూ ఎరగదు. మొత్తం మర్యాదస్తులు చేసిన పనే.

గోడకు వెంకట్రాజం గోనెసంచిలో చుట్టి కట్టిపెట్టిన ఇంకో పంకా ఉంది. రాత్రంతా కూర్చుని దాన్ని బిగించారు. ఒకరు పానా తిప్పితే ఇంకొకరు పక్కన నిలబడి, “ఇగ చాలు,” అన్నారు. ఆ రెండు ముక్కలు ముందే అనుకుని ఉంటే అందరూ హాయిగా నిద్రపోయేవాళ్లు.

తెల్లవారింది. మొగిలయ్య దూరం నుంచే దగ్గి, తలుపు దగ్గర చాయ్ పెట్టాడు. ఇద్దరూ విమానాన్ని బయటికి తోసి, చాయ్ తాగి వెనక్కి తిరిగారు.

టంకీ కింద, గడ్డిలో, గాజు సీసా నిలబెట్టి ఉంది. నిండా పెట్రోలు. అడుగున రెండు వేళ్ల మందం... నీళ్లు.

కిషన్ రావు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “సచ్చి బతికినం. వానలకు డ్రమ్ముల నీళ్లు దిగినట్టున్నయి. మంచిపని చేసినవు పాండురంగం, పట్టి చూసినవు.”

“నేను పట్టలె సాబ్. అది పైలటు పని గద. రోజూ మీరే చూస్తాండ్లనుకున్న.”

“మిస్త్రీ పని కాదా అది?”

ఎవరూ చూడని ఆ ఒక్కటీ, ఇన్నాళ్లుగా అవతలివాడు చూస్తున్నాడని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. మొగిలయ్య వైపు తిరిగారు.

“నేను షెడ్డుల అడుగు వెడతనా?” అన్నాడు మొగిలయ్య. “నా పానం నాకు తీపి గాదా?”

పాండురంగం దూలం వంక చూశాడు. దుమ్ములో సీసా ఉన్నచోట గుండ్రటి మచ్చ. దూలానికి ఆనించిన నిచ్చెన లేదు.

“సాబ్... రాత్రి టంకీ మీద టక్కు టక్కుమని కొట్టింది మీరేనా?”

“నేను కొట్టలే. నువ్వే బయట రేకుల మీద కొడుతున్నవనుకున్న...”

దూరంగా రోడ్డు మీద శేఠ్ గారి ఎడ్లబండి, పూల బుట్టలతో.

“సరే,” అని కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు. “నీళ్లు బయటికొచ్చినయి గద. ఇగ ఎక్కుదాం పా.”

టక్.

ఎదురుగా, పట్టపగలు, ఎవరూ ముట్టని టంకీ మీద.

టక్... టక్...

పాండురంగం సీసా ఒంపి, కుళాయి కింద పెట్టాడు. నిండాక ఎండకెత్తి చూశారు. మళ్లీ అడుగున నీళ్లు.

మూడో సీసా తేటగా వచ్చింది. అప్పటికీ ఇద్దరూ సీసా పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు, వెంకట్రాజం ఇంకేమైనా అంటాడేమోనని.