చివరి వరుసలో ముడులు

మోటారు గది పక్కనున్న ఆ చివరి టమాటా వరుస దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. పట్టపగలు కూడా కలుపు తీసేవాళ్ళు ఆ ఒక్క వరుసా వదిలేసి లేచిపోతారు. అడిగితే నడుం నొప్పి అంటారు. సరిగ్గా అక్కడే అందరికీ నడుం ఎందుకు పట్టేస్తుందో నన్నడక్కండి.

పిన్ని పోయింది అక్కడే. సొంత పిన్నేమీ కాదు, పక్కతోట ఆవిడ, నేనలా పిలిచేదాన్ని. మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడు, వాటిని కర్రలకి కడుతూ కడుతూ కూలబడింది... మళ్ళీ లేవలేదు.

మిగతా వరుసలు కూలీలు కట్టారు. చివరిదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కానీ పది రోజులు తిరక్కుండానే ఆ మొక్కలు కర్రలకి కట్టి కనిపించాయి — పిన్నివాళ్ళ నీలిపూల దుప్పటి పేలికలతో. ముడులన్నీ ఎడమవైపు. పిన్నిది ఎడమచేతి వాటం. ఇంకేముంది, ఊరంతా గుప్పుమంది.

మా ఆయన మాత్రం దెయ్యమూ లేదు, గియ్యమూ లేదని కోతలు కోశాడు. కరెంటు రాత్రిపూటే ఇస్తున్న రోజులవి. రెండు తోటలకీ ఒకటే మోటారు, అది వెయ్యడానికి ఒంటరిగా బయల్దేరాడు. ఇక్కణ్ణించి ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

కరెంటు ఇంకా రాలేదట. మోటారు గది మెట్టు మీద కూర్చున్నాడట. ఆకులు కదిలాయి... గాలి లేదు. మళ్ళీ కదిలాయి — ఈసారి దగ్గరగా.

ఎవరో మొక్క మొక్కనీ తడుముకుంటూ వస్తున్నారు... ప్రతి కర్ర దగ్గరా ఆగుతున్నారు... ముడి మీద వేళ్ళు పెట్టి చూస్తున్నారు. మా ఆయన టార్చి పైకెత్తాడట.

"లైటు వెయ్యకురా," అంది గొంతు, గుసగుసగా. "చూస్తే వెళ్ళిపోతుంది."

బాబాయి. పిన్ని మొగుడు.

రోజూ వస్తున్నాడట. తను వచ్చేసరికే పిన్ని కట్టేసి పోతోందట. ఒక్కసారి కనబడితే చాలు, ఒక్క మాట చెప్పుకోవాలన్నాడట. ఏం మాట బాబాయ్ అని మా ఆయన అడిగాడట.

"ఆ రోజు గుండెల్లో నొప్పిగా ఉందంది... ఈ వరుస అయ్యాక పోదాంలే అన్నాను."

ఇది చెబుతూ మా ఆయన ఏడ్చాడు. నేను ఏడవలేకపోయాను. ఆ ముడులు నావి.

నాదీ ఎడమచేతి వాటమే. మొక్కలు కట్టడం నేర్పింది పిన్నే. వాళ్ళ పాత దుప్పటి చించి సగం పేలికలు నాకిచ్చింది కూడా. ఆవిడ చేత్తో నాటిన మొక్కలు నేల మీద పడి కుళ్ళుతుంటే చూడలేక, మునిమాపు వేళ ఎవరూ లేకుండా చూసి కట్టాను. దాన్ని నమ్ముకుని ఒక మనిషి రాత్రుళ్ళు మంచులో నిలబడతాడని నేనేం కలగన్నానా?

నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పొద్దు గూకడం కోసం కూర్చుని ఉండేవాడు. చూసి వెనక్కి తిరిగొచ్చేసేదాన్ని. మొక్కలు ఎదుగుతున్నాయి, పైన మళ్ళీ ముడి కావాలి. వెళ్ళి కట్టాను.

ఒకరోజు పేలికలు అయిపోయాయి. మా ఇంట్లోనూ ఓ నీలిపూల దుప్పటి ఉంది. చించాను. చీకట్లో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

తెల్లారేసరికి బాబాయి మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో పేలిక. దాన్ని బొటనవేలితో రుద్ది రుద్ది చూస్తున్నాడు.

"ఇది మా మంచం మీది కాదమ్మా," అన్నాడు.

నా ఎడమచేతి వంక చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. పేలికని నాలుగు మడతలు పెట్టి గడప మీద ఉంచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తోటకి రాలేదు. ఆ తర్వాత ఏ రాత్రీ రాలేదు. పగలు కూడా మంచం దిగడం లేదని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు.

చివరి వరుస నేల మీద పడి ఉంది. కాయలు కుళ్ళిన వాసన మోటారు గది దాకా వస్తోంది. జనం ఇంకా తప్పుకునే నడుస్తున్నారు, అక్కడ పిన్ని ఉందని.

ఉంటే బాబాయి మాట చేరవేద్దామని నేనూ మూడు రాత్రులు వెళ్ళి కూర్చున్నాను... లేదు.