రెండుసార్లు పెట్టిన మందు

ఆ రోజు మెర్యా ఆరింటికి లేచింది. వంటింట్లో కాఫీ అప్పటికే కాగి ఉంది. భర్త యార్మో తాగిన కప్పు కడిగి బోర్లించి ఉంది. బయట చీకట్లో అతను అట్టపెట్టెలు కారెక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఉత్తరపు కొసనున్న ఇవాలోలో అక్టోబరు చివరికొచ్చేసరికి ఎనిమిది దాటితేగాని తెల్లవారదు. వాళ్ళు ఎనిమిదింటికే బయల్దేరాలి. మకాం మారుస్తున్న టుర్కు దక్షిణాన దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల దూరం.

ఆ దూరం తల్చుకుంటే మెర్యాకి దిగులంతా హిప్పు గురించే. తొమ్మిదేళ్ళ బూడిదరంగు పిల్లి అది, కారంటే దానికి ప్రాణభయం. వేసవిలో ముప్ఫై కిలోమీటర్లు తీసుకెళ్ళేసరికి నోరు తెరిచి రొప్పి, చొంగ కార్చి, గోళ్ళ నుంచి రక్తమొచ్చేలా బుట్టని గీరేసింది. అందుకే పశువైద్యురాలు మత్తు క్యాప్సూల్స్ ఇచ్చింది. "బయల్దేరడానికి రెండు గంటల ముందు ఒకటి. ఒక్కటే సుమా!" అని మరీ చెప్పింది. పోయిన వారం ఒకటి పెట్టి చూస్తే కాస్త తూలి, హాయిగా నిద్రపోయింది.

మెర్యా క్యాప్సూల్ విప్పి, పొడిని లివర్ పేస్టులో కలిపి ముందు పెట్టింది. హిప్పు బద్ధకంగా నాకి, గిన్నె ఖాళీ చేసింది. హమ్మయ్య, ఒక పనైపోయింది.

ఇరవై ఏడేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్న మనిషి. వార్డులో ఏ మాత్ర ఇచ్చినా టైము వేసి సంతకం పెడుతుంది. ఇంట్లో మాత్రం అలాంటివేం లేవు. ఎవరికి కనబడ్డ పని వాళ్ళు చేసేస్తారు, చేశామని చెప్పరు. చెబితే గొప్పలు పోయినట్టు. పైగా రెండో కప్పు కాఫీ అయ్యేదాకా ఎవర్నీ పలకరించకపోవడం ఆ వైపు మర్యాద. ఆ మర్యాదను యార్మో ఒక్క ఉదయానికే కాదు, ఇరవై నాలుగు గంటలకీ పాటిస్తాడు. మంచు తోసే బండి మీద ఒంటరిగా తిరిగే ఉద్యోగం, పెదవి దాటి మాట రాదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు హిప్పుతోనే.

టుర్కు ఆస్పత్రి నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చినప్పుడు మెర్యా "వెళ్దామా?" అంది. యార్మో "ఊ" అన్నాడు. "ఇల్లు అమ్మేద్దామా?" అంటే దానికీ "ఊ"నే. ఆ ఊకొట్టడంలో ఇష్టం ఉందో కష్టం ఉందో నాలుగు నెలలుగా ఆమెకి అంతు చిక్కలేదు. అడగడానికి భయం. అడిగితే రానంటాడేమోనని, రాకపోతే తను ఒక్కతే వెళ్ళాలేమోనని.

కారు బయల్దేరింది. గంటన్నర దాకా పిల్లి కిక్కురుమనలేదు. రోడ్డుకి రెండు పక్కలా పైన్ చెట్లు తప్ప ఏమీ లేదు.

"మందు బాగా పనిచేసింది" అంది మెర్యా, ఊరికే ఉండలేక. "ఆరింటికి లివర్ పేస్టులో పెట్టా. మొత్తం తినేసింది."

యార్మో చెయ్యి స్టీరింగ్ మీద బిగుసుకుంది.

"ఏంటి పెట్టావ్?"

"మందు."

"మందు నేను పెట్టాను. అయిదుంబావుకి. చేపలో."

మెర్యా గబగబా వెనక్కి తిరిగి బుట్టలో చెయ్యి పెట్టింది. చెవులు చల్లగా ఉన్నాయి. కాలు ఎత్తి వదిలితే అలాగే పడిపోయింది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు.

"హిప్పూ! హిప్పూ, ఇటు చూడు!"

ఉలుకూ పలుకూ లేదు.

"పెట్టానని ఒక్క మాట చెప్పలేవా?" మెర్యా అరిచింది.

"పడుకున్నావుగా. లేపడం ఎందుకని."

"కాగితం మీదైనా రాసిపెట్టలేవా?"

"నర్సువి నువ్వు! కవర్లో ఎన్నున్నాయో చూసుకోవద్దా?"

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే, చూసుకోలేదు. మెర్యా దారిలో వచ్చే సొదాంక్యులా ఊళ్ళో డ్యూటీలో ఉన్న పశువైద్యురాలికి ఫోను చేసింది. ఆవిడ పిల్లి బరువు అడిగింది, క్యాప్సూల్ మీద ఎంతని ఉందో అడిగింది.

"కంగారు పడకండి. వెచ్చగా పెట్టండి, మెడ తిన్నగా ఉంచండి, నోట్లో ఏమీ పొయ్యకండి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతూ ఉండండి. పదికన్నా తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యండి. తగ్గకపోయినా నేరుగా ఇక్కడికే తీసుకొచ్చెయ్యండి."

ఇంకా అరవై కిలోమీటర్లు. మెర్యా పిల్లిని కోటులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. గడియారం చూస్తూ బయటికే లెక్కపెట్టింది.

"పద్దెనిమిది."

కాసేపాగి, "పదహారు."

"గట్టిగా చెప్పు" అన్నాడు యార్మో. "నాకు వినబడాలి."

"పదమూడు."

మలుపు తిరగ్గానే రోడ్డు నిండా రెయిన్‌డీర్లు. హారన్ కొడితే అవి కారు ముందే పరుగెత్తుతాయి గాని పక్కకి తప్పుకోవు. యార్మో దిగి, చేతులు చాపి, మెల్లగా ఒక్కొక్కదాన్నే అడవిలోకి తోలాడు. కారులో ఒంటరిగా కూర్చున్న మెర్యాకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఒళ్ళో పిల్లి పొట్ట కదిలింది. ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ కదిలింది.

అతను ఎక్కగానే "పదకొండు" అందామె.

యార్మో కారు వేగం పెంచాడు. కొంత దూరం పోయాక హఠాత్తుగా నోరు విప్పాడు.

"నాలుగింటికే లేచా. నిద్ర పట్టలేదు. మూడు వారాలుగా పట్టట్లేదు. నాలాగే అదీ బెదిరిపోతుందని, కాస్త ముందే పెట్టేశా."

మెర్యా తలెత్తి చూసింది.

"యార్మో, నీకు టుర్కు రావాలని ఉందా?"

"లేదు."

అంత స్పష్టంగా అతను చెప్పిన మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"మరెందుకొస్తున్నావ్?"

"నువ్వు వెళ్తున్నావుగా."

మెర్యాకి ఏడుపు ముంచుకొచ్చింది. కన్నీళ్ళలో గడియారం ముల్లు కనబడక లెక్క తప్పింది. "ఎన్ని?" అని అతను గద్దించాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"పన్నెండు. పన్నెండు, యార్మో!"

సొదాంక్యులాలో పశువైద్యురాలు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. గుండె విని, చిగుళ్ళు నొక్కి చూసి, వేడినీళ్ళ సీసా పక్కన పడుకోబెట్టింది. గంట సేపు ఇద్దరూ గోడవారన ఒకే బెంచీ మీద కూర్చున్నారు. చివరికి ఆవిడ హిప్పు కాలివేళ్ళ మధ్య గట్టిగా గిల్లింది. అది కాలు లాక్కుని, తాగుబోతులా ఒక్క మూలుగు మూలిగింది.

"గండం గడిచింది. రేపటిదాకా తూలుతుంది, అంతే. ఇంతకీ మందు పెట్టిందెవరు?"

"నేను" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కారులో కూర్చున్నాక యార్మో వెంటనే తాళం తిప్పలేదు.

"వెనక్కి పోదామా?" అంది మెర్యా మెల్లగా. "ఫోన్ చేసి ఉద్యోగం వద్దంటాను. అద్దెకి ఏదో ఒక ఇల్లు దొరక్కపోదు."

యార్మో తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. నా కోసం నువ్వు ఇరవై ఏడేళ్ళు ఇక్కడి చీకటి భరించావు. వస్తాను. కానీ నాకు భయంగా ఉంది. అక్కడ నాకు ఎవరూ తెలీదు, ఏ పనీ లేదు. నువ్వు డ్యూటీకి పోతే రోజంతా ఏం చెయ్యాలో తెలీదు. ఈ మాట నీకెప్పుడు చెప్పాలో కూడా తెలీలేదు."

"ఇప్పుడు చెప్పు. అంతా చెప్పు."

అతను తాళం తిప్పాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి యార్మో మాట్లాడుతూనే ఉన్నాడు, రొవానియెమి ఊరు దాటేదాకా, ఆ తర్వాత కెమి ఊరు దాటేదాకా. మెర్యా ఒక చెయ్యి పిల్లి పొట్ట మీద, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డుపడకుండా వింది.