కలత లేని ఏటిమొగ

ఇంధన ఓడ మలుపు తిరగగానే ఒడ్డున మెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్న ఆడవాళ్ళంతా పని ఆపి ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. మాటలు ఆగిపోయాయి. మడ చెట్ల మీదుగా ఓడ ఒక మేడ కదిలి వచ్చినట్టు వస్తోంది. దాని కడుపు నిండా అమ్మోనియా. ఒక్క అతుకు ఊడిందంటే ఈ మడలో పీత కూడా మిగలదని మొగదారిపాలెంలో అందరికీ తెలుసు. పైగా ఓడ మీద మనుషులు లేరు. వెనకటి రోజుల్లో తిట్టుకోవడానికైనా ఓడ నడిపే సరంగు ఒకడు ఉండేవాడు. ఓడకూ అవతలి ఒడ్డుకూ మధ్య మిగిలిన సన్నటి నీళ్ళలో పాలెం పడవలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అంతమందిలో ఒక్క గౌతమి మాత్రం లేచి నిలబడి వణికిపోతోంది. ఆమె ఆ పాలెం పిల్ల కాదు. మెట్ట ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలు. అక్కడ ఎగిరిపడుతున్న పడవల్లో ఒకదాని మీద ఆమె భర్త చిన్నారావు ఉన్నాడు.

అత్త పేరంటాలు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కళ్ళు తుడుసుకో. వేట మీద మడిసుండగా ఇంటి ఆడది కన్ను తడపకూడదు. గుండె కూడా అదరకూడదు. ఏరు ఇట్టే పసిగట్టేత్తాది."

"భయమేస్తే ఏం చెయ్యాలి అత్తయ్యా?"

"భయం వత్తే రానీ. గుమ్మం కాడే నిలబెట్టు. లోపలికి రానియ్యకు."

దీన్ని పాలెంలో ఒడ్డుమడి అంటారు. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒడ్డున ఆడవాళ్ళు ఏడవరు, అరవరు, పోట్లాడుకోరు. పైకి మాత్రమే కాదు, లోపల కూడా నెమ్మదిగా ఉండాలి. ఆడపిల్లకు వల అల్లడం నేర్పే వయసులోనే ఇదీ నేర్పుతారు. అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన విద్య. తెడ్డు పట్టే మగవాళ్ళకు అదరని గుండె ఏటి మీదే అలవాటవుతుంది. పైవాళ్ళకు చెప్పుకునేంత పెద్ద విషయమని ఎవరూ అనుకోలేదు.

ఇంత చిన్న ఆచారం ఒక ఏటిమొగను ముంచుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

నాడిబిళ్ళలు వచ్చి అప్పటికి ఒక తరం గడిచింది. చింతగింజంత బిళ్ళ, చెవి వెనక చర్మం కింద ఉంటుంది. నెత్తురు పరుగునూ ఊపిరినీ చూపునూ కలిపి చదివి, మనిషికి నిజంగా ఏది ఇష్టమో ఏది కష్టమో సమ్మతి మండలికి చేరవేస్తుంది. ఓట్ల పెట్టెలు పోయాయి. బళ్ళో మధ్యాహ్నం ఏం వండాలో, ఏ ఊరికి బస్సు వెయ్యాలో, ఏ అధికారిని ఎక్కడి నుంచి పంపించెయ్యాలో నాడులే తేలుస్తున్నాయి. పెళ్ళిచూపుల మర్నాడు మండలి నుంచి పిల్ల కలత పడిందని కబురొస్తే మగపెళ్ళివారు మారుమాట లేకుండా ఇంకో ఇల్లు చూసుకుంటారు. ఆ ఒక్క మేలు చాలు, బిళ్ళలు కనిపెట్టినవాళ్ళకు దణ్ణం పెట్టవచ్చు. బిళ్ళ ఏం చదివిందో దాన్ని పెట్టుకున్న మనిషికి కూడా తెలియదు. తెలిస్తే పక్కవాళ్ళు ఒత్తిడి చేస్తారని అలా చేశారు.

ఆ బిళ్ళల్ని పాలెం ఏరికోరి తెచ్చుకుంది. పేరంటాలు పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన రేవు కట్టడానికి సభ పెట్టారు. ముందు రోజు దాకా వద్దన్న పెద్దలు, సభలో చేతులెత్తి సరే అన్నారు. ఎందుకన్నారో ఆ తర్వాత వాళ్ళ ఇళ్ళ మీద లేచిన అంతస్తులు చెప్పాయి. ఆ మంటతోనే పేరంటాలు ఊరూరా తిరిగింది. నోటి మాట నమ్మవద్దు, మా నాడి చదవండి అని అడిగింది. చివరికి మడలున్న ఏటిమొగలకు ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. ఇంధన ఓడల్ని ముందు కొన్నాళ్ళు నడిపి చూస్తారు. ఓడ కళ్ళ ముందు ఉన్నంతసేపూ నాడులు చదువుతారు. ఆ పరీక్ష ముగిసేనాటికి ఓడల వల్ల ఒక్క మనిషి నాడి కలతగా ఉన్నా ఆ మొగలోకి ఇక ఓడ రాకూడదు. ఒక్క నాడి చాలు. అంతకంటే మంచి చట్టం ఎవరు అడగగలరు?

ఇప్పుడు నడుస్తున్నది ఆ పరీక్షే. శ్రావణంతో ముగుస్తుంది. పడవలు వేటకు దిగేదీ నీళ్ళు ఎగదన్నే పోటు మీదే, ఓడ లోపలికి వచ్చేదీ పోటు మీదే. ఓడ కళ్ళ ముందుండే వేళంతా ఒడ్డుమడి వేళేనన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు. వారం వారం తుపాను షెల్టరులో సభ పెట్టుకుని ఓడల్ని తిట్టిపోసేవాళ్ళు. పేరంటాలు మాట్లాడితే ముసలివాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. మనసులో ఇంత మంట ఉంటే బిళ్ళకు తెలియకపోతుందా అని అందరి ధీమా.

ఇంటి దగ్గర పేరంటాలు కోడలికి ఒడ్డుమడి నేర్పింది. విసుక్కోకుండా, ముద్దుగా నేర్పింది. ఓడను చూడొద్దు, దగ్గరి నీటి అంచును చూడమంది. మనసులో వల అల్లుకోమంది, ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను. మొదట్లో గౌతమి పడవలు కనబడగానే పమిట నోట్లో కుక్కుకునేది. ఆషాఢం వెళ్ళేసరికి ఓడ పక్కనుంచి పోతున్నా మెత్తళ్ళు తిరగేస్తూ కూర్చోవడం వచ్చింది.

"మెట్ట పిల్లయినా నా కోడలు నాకంటే గట్టిది," అని పేరంటాలు ఇరుగుపొరుగుకు చెప్పి మురిసిపోయింది.

శ్రావణం చివర మండలి నుంచి సుధీంద్ర వచ్చాడు. నెమ్మదైన మనిషి. షెల్టరులో అందరినీ కూర్చోబెట్టి, తను నిలబడే ఫలితం చెప్పాడు.

"మొగదారిపాలెంలో ఓడల వల్ల కలత ఉన్నవారు ఎవరూ లేరు."

ఎవరో నవ్వారు, సరిగా వినబడలేదనుకుని. సుధీంద్ర మళ్ళీ చెప్పాడు.

"మా నోళ్ళు పడిపోయేలా అరుత్తన్నాం గదా బాబూ," అంది పేరంటాలు.

"అరుపులు లెక్కలోకి రావమ్మా. అలా రాకూడదని అడిగింది మీరే." ఆ మాట అన్నందుకు అతనే కాస్త ఇబ్బంది పడ్డాడు. "మొదట్లో ఒక్కరి నాడి చాలా కలత పడింది. ఆ ఒక్కటీ అలాగే ఉండి ఉంటే ఓడలు ఆగిపోయేవి. క్రమంగా అదీ నెమ్మదించింది."

"ఎవరిదది?"

"పేరు చెప్పకూడదు. మీ పాలెంలో పుట్టినవారిది కాదు."

పేరంటాలు పక్కనే కూర్చున్న గౌతమి వైపు చూడలేకపోయింది. పాలెం మొత్తానికి ఉన్న ఒక్క కాదనే మాటను తన ఇంట్లో, తన చేతులతో, ఎంతో బాగా చేస్తున్నాననుకుంటూ ఆర్పేసింది.

తేరుకున్నాక సుధీంద్రకు ఒడ్డుమడి గురించి చెప్పింది. అతను విని తల పట్టుకున్నాడు.

"ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా."

"ఎవరడిగారు బాబూ? అయినా ఊపిరి పీలుత్తన్నామని ఎవరన్నా పనిగట్టుకుని సెప్తారా?"

అతను వెళ్ళి మండలితో వాదించి తిరుగుకొలతకు ఒప్పించుకుని వచ్చాడు. ఒకే రోజు. పోటు మీద ఓడ వచ్చేటప్పుడూ, నీళ్ళు వెనక్కి తీసే పాటు మీద తిరిగి పోయేటప్పుడూ చదువుతారు. ఒక్క నాడి కలత పడినా చాలు. కానీ ఆ కలత ఓడ వల్లే కలగాలి. చూపు ఎటుందో, ఆ క్షణంలో మనసు దేన్ని పట్టుకుందో బిళ్ళ విడదీసి చదువుతుందనీ, ఇంట్లో కష్టం తలుచుకుని ఏడిస్తే లాభం లేదనీ ముందే హెచ్చరించాడు.

ఆ రోజు పొద్దున పాలెం మగవాళ్ళెవరూ వేటకు పోలేదు. పడవ నీళ్ళ మీద లేకపోతే మడి లేదు, ఆడవాళ్ళు నోరారా ఏడవవచ్చునని పెద్దల ఆలోచన. అందరూ గట్టు మీద బారులు తీరారు. ఓడ వచ్చింది. దాని అలకు మడ వేళ్ళ కింద మట్టి పెళ్ళలుగా విరిగి పడింది. ఆడవాళ్ళు ఓడను కళ్ళు విప్పార్చుకుని చూశారు. కోపం తెచ్చుకోవాలని చూశారు. మొగుళ్ళు పక్కనే నిలబడి చుట్టలు కాలుస్తుంటే ఏ గుండె అదురుతుంది? ఇన్నాళ్ళూ వాళ్ళ భయమంతా పడవల్లో ఉన్న మనుషుల కోసం. మనుషులు ఒడ్డున ఉంటే అది ఉత్త ఓడ. ఓడ దాటిపోయాక సుధీంద్ర చేతిలోని, నాడుల లెక్క చూపే పలకను చూసి తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం చిన్నారావు పడవ తోశాడు.

"నేనెల్తానమ్మా. ఓడ పక్కగా పోతాను. ఇది ఏడుత్తాది," అని గౌతమిని చూపించాడు. ఆమెతో నవ్వుతూ అన్నాడు, "ఈ ఒక్క పూటా నా కోసం ఏడువే. రేపట్నుంచి ఏడవమన్నా ఏడవద్దు."

పేరంటాలు అడ్డు చెప్పలేదు. కోడలి భుజం మీద చెయ్యి వేసి, ఆ పాలెంలో ఏ అత్తా ఏ కోడలికీ చెప్పని మాట చెప్పింది.

"మడి లేదమ్మా ఇయ్యాల. నేను ఇప్పేత్తన్నాను. ఆడు నీళ్ళ మీదున్నాడు. ఏడువు."

పాటు మొదలైంది. ఓడ ఖాళీగా, ఇంకా ఎత్తుగా తిరిగి వస్తోంది. చిన్నారావు పడవ దానికి మరీ దగ్గరగా పోయింది. అల తగిలి పడవ ముక్కు పైకి లేచింది, ఒక పక్కకు ఒరిగింది. చిన్నారావు మోకాళ్ళ మీద పడి అంచు పట్టుకున్నాడు. ఒడ్డున మగవాళ్ళు పడవ నడిపేవాళ్ళ చూపుతో అల ఎత్తునే కొలుస్తున్నారు. ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుండిపోయారు. ఎవరు చెప్పినా చెప్పకపోయినా పడవ నీళ్ళ మీద ఉంది, వాళ్ళ గుండెలు వాటంతటవే నెమ్మదించాయి.

గౌతమి కూర్చోలేదు. ఓడ వైపే చూస్తూ నిలబడింది. ముఖం ప్రశాంతంగా ఉంది.

"అత్తయ్యా, భయపడాలని తెలుస్తోంది నాకు. ఎంత పిలిచినా రావట్లేదు."

పేరంటాలు ఆమె ముఖంలోకి చూసింది. ఈ పిల్ల పాలెంలో అడుగుపెట్టిన కొత్తలో, తన కొడుకు కోసం గట్టు మీద నిలబడి నిలువెల్లా వణికింది. పమిట నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు అదే కొడుకు పడవ కళ్ళ ముందు ఒరుగుతుంటే, ఎండ ఎలా ఉందో చూస్తున్నట్టు చూస్తోంది. అంత ప్రేమను తీసి పక్కన పెట్టడం నేర్పింది తనే.  తన మామగారు ఏట్లో పోయిన రోజున కూడా పడవలన్నీ ఒడ్డు చేరేదాకా ఏడవని మనిషి, కొడుకు నీళ్ళ మీద ఉండగా, కోడలి రెండు బుగ్గలూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

సుధీంద్ర చేతిలో పలక మోగింది. అతను ఆత్రంగా దాని మీదికి వంగాడు. గట్టు మీద అందరూ అతన్నే చూస్తున్నారు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇంత కలత నేనెప్పుడూ చూడలేదమ్మా," అన్నాడు చివరికి. "కానీ ఓడ వల్ల కాదు. మీ కోడలి వల్ల అని వచ్చింది."

యంత్రం తప్పు చదవలేదు. దానికి అంతవరకే తెలుసు.

పేరంటాలు ఆ మాట విన్నదో లేదో తెలియదు, ఏడుపు ఆపలేకపోతోంది. గౌతమి తన కొంగుతో అత్త ముఖం తుడిచింది. ఆమెను మెల్లగా కూర్చోబెట్టి పక్కన తనూ కూర్చుంది.

"ఊరుకోండి అత్తయ్యా," అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఆయన ఇంకా నీళ్ళ మీదే ఉన్నారు."