గడియ వేయని తలుపు

భుజాన స్కూలు బ్యాగు ఊగుతుండగానే తూనీగ వెనక గది తలుపును ధడాలున తోసింది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు.

ఆ గదిలో అద్దెకుంటున్న అద్దాల అత్త టెలిస్కోపులో పెట్టే అద్దం కోసం గాజుబిళ్ళను నునుపు చేస్తోంది. నెలల తరబడి చేత్తోనే రుద్దుతోంది. తలుపుతో పాటు దుమ్మూ లోపలికొచ్చింది. రుద్దుతున్న చేతి కింద కర్రుమని చప్పుడైంది. బిళ్ళ మీద సన్నటి గీత పడింది.

"అయ్యో! తలుపు తట్టి రమ్మని ఎన్నిసార్లు చెప్పాను తల్లీ?" అంది అత్త.

తప్పు తనదేనని తెలిసినా తూనీగకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. "మా ఇంట్లో నేను తలుపు తట్టాలా? ఈ గది నాన్న నాకిస్తానన్నారు. మీరు రేపే ఖాళీ చెయ్యాలి. మీ దగ్గర అద్దె కాగితం కూడా లేదుగా!"

నాన్న అన్నది "పెద్దయ్యాక చూద్దాంలే" అని మాత్రమే. మిగతాదంతా తూనీగ సొంత కవిత్వం.

మర్నాడు సెలవు. పొద్దున్నే అత్త వరండాలోకి వచ్చింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. వెనక గదిలో సామానంతా మూటలు కట్టి ఉంది.

"అన్నయ్యగారూ, ఒక్కరోజులో ఇల్లెక్కడ దొరుకుతుంది? మీ మాట నమ్ముకునే ఉన్నాను కదా!"

గడ్డం గీసుకుంటున్న నాన్న తెల్లబోయారు. "ఖాళీ చెయ్యమని ఎవరన్నారమ్మా?"

గుమ్మం దగ్గరే ఉన్న తూనీగ అంతా వింది. అత్త తూనీగ పేరు బయటపెట్టలేదు.

"నేనే నాన్నా," అంది తూనీగ నేల చూపులు చూస్తూ.

నాన్న అరవలేదు. మొహాన సగం నురగతోనే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆవిడతో ఉండమ్మా అన్నాను. నెలనెలా అద్దె తీసుకుంటున్నాను. కాగితం లేకపోతేనేం, అదీ ఒప్పందమే. నిజంగా గది కావాలన్నా ముందుగా చెప్పాలి, ఇల్లు వెతుక్కోవడానికి గడువివ్వాలి. లేవమనడానికి అదేమైనా బస్సు సీటా?"

"కానీ ఇల్లు మనదే కదా?"

"గోడలు మనవి. ఆ గదిలో ఉంటున్నది ఆవిడ. నేనైనా అడిగే లోపలికెళ్ళాలి."

తూనీగ నోరెళ్ళబెట్టింది. ఇంత పెద్ద నాన్న కూడా ఆ చిన్న తలుపు ముందు ఆగాల్సిందేనా! నోటితో అన్న మాటకు అంత బలముందా!

మూటలు విప్పడానికి అత్తకు సాయం వెళ్ళింది. "ఆ గీత పోతుందా అత్తా?"

"పోతుంది. మళ్ళీ మొదటినుంచీ రుద్దాలి. నన్ను పంపించేస్తే ఎలా మరి?" అత్త నవ్వింది.

ఒక మూటలోంచి పాత టెలిస్కోపు బయటపడింది. అత్త దాన్ని వాకిట్లో నిలబెట్టి, పడమటి వైపు వెలవెలబోతున్న పగటి చందమామకు గురిపెట్టింది.

తూనీగ కన్ను ఆనించింది. కొండలు! గుంటలు! వాటి నీడలు కూడా! ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది.

"ఇందులో అద్దం మీరే చేశారా?"

"నేనే. ఈ గదిలోనే."

తూనీగకు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటే చెప్పలేనంత సిగ్గేసింది.

సోమవారం స్కూలు నుంచి పరుగున వచ్చింది. వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గడియ వేయలేదు. వేలితో తోస్తే చాలు, తెరుచుకుంటుంది.

తూనీగ బ్యాగు కింద పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. మెల్లగా తలుపు తట్టింది.

"ఒక్క నిమిషం!" అంది లోపలినుంచి అత్త.

గడప బయట తూనీగ కుదురుగా నిలబడింది.