తాడుకి అవతలి కొస

మా దీవిలో, మషీకో ఊరి పైన కొండల్లో ఒక సొరంగం ఉంది. దాంట్లోకి మావాళ్ళెవరూ తాడు తీసుకెళ్ళరు. మేకని తోలుకెళ్ళేవాడైనా సరే, దాని మెడలో తాడు విప్పి బయట రాయి మీద పెట్టి మరీ లోపలికి వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటాడు. ఎందుకని మాలో ఎవరూ అడగరు.

ఒడీలియా అడిగింది.

ఆమె మా కొండ మనిషి కాదు. అసోరెస్ దీవుల నుంచి తమ్ముడు తోమేతో కలిసి తెరచాప పడవ మీద వచ్చింది. కిందటి చలికాలం తోమే నడిసముద్రంలో పడవ మీంచి పడిపోయాడు. నడుముకి కట్టిన తాడు పట్టుకుని ఒడీలియాయే పైకి లాగింది. అప్పట్నుంచి వాడికి నీళ్ళంటే వణుకు. బతిమాలి, బుజ్జగించి ఈ ప్రయాణానికి ఒప్పించింది. "నీ తాడు అవతలి కొస నా చేతిలో ఉంటుందిరా. నిన్ను ఎక్కడికీ పోనివ్వను" అని మాటిచ్చింది.

పడవకి లంగరు వేసి, ఒక పూట నేల మీద నడుద్దామని ఇద్దరూ కొండ కాలువ గట్టు పట్టుకున్నారు. ఒక పక్క కాలువ, రెండో పక్క లోయ, మధ్యలో జానెడు దారి. తోమే అడుగు తీసి అడుగు వేయలేకపోవడం చూసి ఒడీలియా సంచిలోంచి పడవ తాడు తీసి వాడి నడుముకి ఒక కొస, తన నడుముకి ఒక కొస కట్టింది. ఒక్కసారి లాగితే 'ఉన్నావా?' అని. రెండుసార్లు లాగితే 'ఉన్నాను' అని. పడవ మీద రాత్రిళ్ళు వాళ్ళిద్దరికీ అదే అలవాటు.

సొరంగానికి కాస్త ఇవతల, గట్టు కింద చేలో చిలగడదుంపలు తవ్వుకుంటున్న కాన్సిసావ్ తలెత్తి చూసింది.

"ఏమ్మాయ్, ఆ తాడు విప్పెయ్."

"ఎందుకు పిన్నీ? మీ దెయ్యాలు తాడాట ఆడతాయా?" అని నవ్వింది ఒడీలియా.

కాన్సిసావ్ నవ్వలేదు. "ఈ కాలువ తవ్వేటప్పుడు మనుషుల్ని బుట్టల్లో కూర్చోబెట్టి తాళ్ళతో లోయలోకి దింపేవాళ్ళు. ఒకడి తాడుని పైన పట్టుకున్నవాడు వదిలేశాడు... ఆ పడినవాడు ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు, పైన ఎవరైనా ఉన్నారా అని. తాడు కనిపిస్తే చాలు."

"మేం వదిలే రకం కాదులే పిన్నీ."

"అందుకే చెప్తున్నా."

సొరంగం ముందు తోమే ఆగిపోయాడు. "అక్కా... తీసేద్దామే."

"సముద్రంలో నిన్ను బతికించింది ఇదేరా, పిరికి సన్నాసీ! పద."

తలకి కట్టుకునే దీపం ఒడీలియా ఒక్కదానికే ఉంది. ముందు తను దూరింది. బయట పట్టపగలు. లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. పక్కన కాలువ నీళ్ళు ఆమె నడిచే వైపే హోరుమంటూ పరుగెడుతున్నాయి. మాట్లాడితే తన మాట తనకే వినపడలేదు.

కాస్త దూరం వెళ్ళాక తాడు ఒకసారి లాగింది.

వెనక నుంచి... రెండుసార్లు.

అమ్మయ్య అనుకుని నడిచింది.

ఇంతలో నీళ్ళలో పచ్చగా ఏదో తేలుతూ వచ్చి ఆమెని దాటిపోబోయింది. వంగి అందుకుంది. తోమే ఉన్ని టోపీ.

వెనక్కి తిరిగింది. దీపం వెలుగు నాలుగడుగులు పోయి చీకట్లో కలిసిపోయింది. "తోమే!" అని అరిచింది. నీళ్ళ హోరు. వెనక్కి ఒక అడుగు వేసి తాడు ఒకసారి లాగింది. బదులుగా —

రెండుసార్లు. గట్టిగా.

"టోపీ కూడా చూసుకోలేడు వెధవ" అని తిట్టుకుంది. ప్రాణం కుదుటపడింది. టోపీ జేబులో కుక్కుకుని మళ్ళీ ముందుకే నడిచింది.

తర్వాత తాడే అడగడం మొదలుపెట్టింది. ఒకసారి. ఉన్నావా?

ఒడీలియా రెండుసార్లు లాగింది. ఉన్నానురా.

నాలుగడుగులు. మళ్ళీ ఒకసారి. బదులు చెప్పింది. రెండడుగులకే మళ్ళీ... పాపం ఎంత భయపడుతున్నాడో అనుకుంది. అడిగినప్పుడల్లా చెప్పింది. ఉన్నాను. ఉన్నాను. వదలను.

అవతలి వెలుగులోకి వచ్చి పడింది. ఊపిరైనా తీసుకోకుండా చీకటి వైపు తిరిగి, "రారా, వచ్చేశాం" అంటూ తాడు లాక్కుంది.

బరువే లేదు. తాడు జరజరా వచ్చేసింది. చివరి కొస కూడా వచ్చింది. దానికి ముడి లేదు.

సొరంగంలో వెనక్కి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. ఇవతలికి వచ్చేసరికి కాన్సిసావ్ గట్టు మీద చతికిలబడి ఉంది. చేతులనిండా మట్టి, గీరుకుపోయిన గాయాలు.

తోమే సొరంగంలో అడుగే పెట్టలేదు. కాన్సిసావ్ మాటలకి బెదిరి ముడి విప్పేసుకున్నాడు. అక్కని పిలవబోయాడో ఏమో, నాచు రాయి మీద కాలు జారింది. టోపీ కాలువలో పడింది. వాడు లోయ వైపు పడ్డాడు.

"వెంటనే పోలేదమ్మా" అంది కాన్సిసావ్, ఆమె మొహం చూడలేక. "కొమ్మ పట్టుకుని వేలాడాడు. చాలాసేపు అరిచాడు... నేను పాక్కుంటూ వచ్చేసరికి కొమ్మ విరిగింది."

"ఏమని అరిచాడు?"

ఒడీలియా కాన్సిసావ్ భుజాలు పట్టి కుదిపేసింది.

"తాడు వెయ్యవే అక్కా అని."

సాయంత్రం అగ్నిమాపకదళం వాళ్ళు శవాన్ని పైకి తెచ్చారు. వాళ్ళలో పెద్దాయన మంచివాడే, ఓదార్చాలనే చూశాడు. "తప్పు నీది కాదమ్మా. తాడు కొస నీళ్ళలో పడి ఉంటుంది. ప్రవాహం లాగుతుంటే మీవాడే అనుకున్నావు, అంతే."

కానీ ఒడీలియా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీళ్ళ మీదే బతికిన మనిషి. ఆ కాలువ ఆమె నడిచిన వైపే పారింది. తాడుని ఆమె మీదికి తోసుకొస్తుంది గానీ, వెనక్కి ఎలా లాగుతుంది?