కంకర మిల్లు మలుపులో నీలం చొక్కా

కంకర మిల్లు మలుపులో బ్రేకు పడనివ్వని చెయ్యి ఒకటుందని అందరూ చెప్పుకునేవారు. మూతపడ్డ మిల్లు, ఊదితే లేచే రాతిపొడి... పొద్దు వాలాక అటు ఒంటరిగా వెళ్ళాలంటే మగాళ్ళకే కాళ్ళాడేవి కావు.

నాలుగు నెలల కిందట పెద్ద మెకానిక్కు పోయింది అక్కడే. తమ్ముడి బండి మీద వెళ్ళాడు. బ్రేకు పడలేదు. "దెయ్యమే పట్టుకుంది" అని మొదట అన్నవాడు ఆ తమ్ముడే.

అసలు సంగతి మాత్రం అతని కడుపులోనే ఉండిపోయింది.

అన్నకో అలవాటుండేది. ముందు చక్రాన్ని మోసే ఫోర్కు గొట్టాలకు పాత చొక్కా చేతులు తొడిగేవాడు. కొసలు చక్రంలో పడకుండా ముడిని లోపలికి దోపేవాడు.

"దుమ్ము గీరితే గొట్టంలో నూనె ఆపే రబ్బరు సీలు కోసుకుపోతుందిరా. ఆపైన నూనె ఆగదు, కారి బ్రేకును పట్టనివ్వదు."

"బండికి బట్టలేంటన్నయ్యా! రేపు ఓణీ కూడా వేస్తావా?"

తమ్ముడు తన బండికి వేయనివ్వలేదు. సీలు కోసుకుపోయింది. నూనె బ్రేకు పళ్ళెం మీదికి జారడం చూశాడు కూడా. చూసి — రేపు మారుద్దాంలే అనుకున్నాడు. ఆ సాయంత్రమే అన్న తాళం అడిగితే, తిడతాడని నోరు మెదపకుండా ఇచ్చాడు.

ఆ రేపటికి అన్న లేడు. కొత్త సీళ్ళు ఎవరూ చూడకుండా వేసుకున్నాడు.

నాలుగు నెలలు గడిచాక ఒక రాత్రి, మెకానిక్ షెడ్డు మూసి అదే బండి మీద ఇంటికి వస్తున్నాడు. మలుపులో గతుకులు మొదలయ్యాయి. సర్... సర్... ముందు చక్రం దగ్గర ఏదో రాసుకుంటోంది. గుడ్డ చప్పుడు.

బ్రేకు నొక్కాడు — పడింది. టార్చి వేశాడు.

రెండు గొట్టాలకూ నీలం గుడ్డ... అన్న షెడ్డులో వేసుకునే చొక్కా చేతులు! లోపలికి దోపిన ముడి. పొద్దున ఇవి లేవు.

"అన్నయ్యా..." అంటూ బండిని ముందుకు దూకించాడు.

ఇల్లు ఎలా చేరాడో అతనికే తెలీదు. గుమ్మంలో వదిన కూర్చుని ఉంది.

"భయపడ్డావా అబ్బాయ్? మధ్యాహ్నం షెడ్డుకు అన్నం కేరేజీ తెచ్చినప్పుడు నేనే తొడిగాను. ఆ ముడి మీ అన్నయ్య నేర్పిందే."

హమ్మయ్య అనుకున్నాడు. ఒక్క క్షణమే.

"ఆ రోజు బండి ఇంటికి తెచ్చాక తుడిచిందీ నేనే" అంది వదిన, గొంతు పెంచకుండా. "బ్రేకు పళ్ళెం నిండా నూనె... నువ్వే చెబుతావని నాలుగు నెలలు చూశాను."

లేచి తలుపు బార్లా తీసింది.

"రా. అన్నం చల్లారిపోతోంది."

మలుపు దాటి వచ్చిన కాళ్ళు... ఆ గుమ్మం దాటలేకపోయాయి.