షెల్టరు మెట్ల దగ్గర దొర

ఒంగోలు నుంచి సముద్రం వైపు పోతే, సరుగుడు తోటలు దాటాక ఒక పాత తుఫాను షెల్టరు ఉంటుంది. దానికి మంచి పేరు లేదు. ఎప్పుడో పెద్ద గాలివానలో, ముందొచ్చినవాళ్ళు భయపడి లోపల గడియ పెట్టుకున్నారట. వెనకొచ్చినవాళ్ళు తెల్లవార్లూ తలుపు బాదారట... తెల్లారి తీస్తే మెట్ల మీద ఎవరూ లేరట. నిజమో అబద్ధమో నాకు తెలీదు. ఆ తర్వాత ఎన్ని తుఫాన్లొచ్చినా ఊళ్ళోవాళ్ళు బళ్ళో తలదాచుకున్నారు గానీ అందులోకి పోలేదు.

మా బావమరిది వీరబాబు చీమకుర్తిలో క్వాలిస్ కారు నడిపేవాడు. వాడి మాటల్లో సగం కోతలే. ఇది మాత్రం ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ అడిగితే కొట్టడానికొచ్చాడు.

రెండువేల రెండు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. వాడి ఓనరు చెంచురామయ్య గారి గ్రానైట్ యూనిట్ అప్పటికి మూణ్ణెల్లుగా మూతపడి ఉంది. ఇటలీ నుంచి ఆంజెలో అని ఒక దొర రాళ్ళు చూడ్డానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే అరవై మందికి మళ్ళీ పని. కాదంటే తాళం తాళంలాగే ఉంటుంది.

"ఒరేయ్, కంటికి రెప్పలా చూసుకో. ఆయనకి ఏమన్నా అయిందా, నువ్వు మళ్ళీ నాకు మొహం చూపించొద్దు" అన్నాడు చెంచురామయ్య గారు.

అర్ధరాత్రి దిగాల్సిన విమానం తెల్లారాక దిగింది. వీరబాబు రాత్రంతా మద్రాసు ఎయిర్‌పోర్టులో అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. దొర వచ్చాడు, ఆయన పెట్టె రాలేదు. దాని కోసం ఇంకో రెండు గంటలు. ఒంగోలు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హోటల్లో పడుకోవయ్యా మహానుభావా అంటే పడుకోడే! "సీ... సీ..." అంటాడు. సముద్రం చూడాలట.

సరే, ఖర్మ అనుకుని తీసుకుపోయాడు. దారిలో మిరప కల్లం కనపడితే ఆపమన్నాడు. తుమ్ముతూనే ఫోటోలు తీశాడు. పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం దగ్గర ఆపమన్నాడు. ఉప్పుమడుల దగ్గర ఆపమన్నాడు. ఒడ్డుకి చేరాక ఎండ్రకాయల వెంట పరిగెత్తాడు, పడవలెక్కి దిగాడు. "పోదాం సార్" అన్నప్పుడల్లా వేలు చూపించి "వన్ మోర్" అనేవాడు. నిన్నట్నించీ కునుకు లేని వీరబాబుకి తల ప్రాణం తోకకొచ్చింది. నవ్వు మాత్రం పోనీయలేదు. అరవై మంది కూడు మరి.

చీకటి పడ్డాక గానీ దొర కారెక్కలేదు. ఎక్కి మధ్య సీట్లో కూలబడ్డాడు. ఒడ్డెంబడే కిలోమీటరు పోయారో లేదో బండి ఇసకలో దిగబడిపోయింది.

సరిగ్గా షెల్టరు ముందు.

"ఛీ, ఏం బతుకురా ఇది!" అనుకుంటూ వీరబాబు దిగాడు. చక్రాల కింద వెయ్యడానికి సరుగుడు మండలు విరుచుకొచ్చాడు. పది నిమిషాలు పట్టిందేమో. తిరిగొచ్చి చూస్తే... మధ్య డోరు బార్లా తెరిచి ఉంది. సీట్లో మనిషి లేడు.

"సార్! దొరగారూ!" అని అరిచాడు. సముద్రం హోరు మధ్య చీకట్లో నలువైపులా చూశాడు. దగ్గర టార్చి కూడా లేదు.

అప్పుడు కనపడింది — షెల్టరు మెట్ల దగ్గర, గోడకానుకుని ఒక ఆకారం.

వీరబాబుకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. పరిగెత్తుకుపోయి మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. పోయి సముద్రంలో దిగొచ్చాడనుకున్నాడు. ఇంక ఆగలేదు. ఎలాగూ తెలుగు రాదు గదా అని, పొద్దుట్నించీ దిగమింగిందంతా కక్కేశాడు.

"బుద్ధుందా నీకు? చీకట్లో ఇక్కడికెందుకొచ్చావ్? నీకేమన్నా అయితే మా గతేం కాను? నడువ్! ఈ రాత్రి నిన్ను వదిలేది లేదు. నా వెంటే రా!"

ఆ మనిషి గోడ వదిలాడు. వెంట నడిచాడు. ఇసకలో తడబడుతూ... వీరబాబు వేళ్ళని గట్టిగా పట్టుకుని. ఇప్పటికి దారికొచ్చాడులే అనుకున్నాడు వీడు.

కారు దగ్గరికొచ్చి లోపల లైటేశాడు. "ఊఁ, ఎక్కు! ఎక్కి కూర్చో!"

బండిలో వెనక నుంచి గురక వినపడింది.

వంగి చూశాడు. అన్నిటికన్నా వెనక సీట్లో, కాళ్ళు ముడుచుకుని, బూట్లు తలకింద పెట్టుకుని — దొర. నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. ఎందుకో దిగి, చీకట్లో వెనక తలుపులోంచి ఎక్కినట్టున్నాడు. ఒంటి మీద బట్టలు పొడిగా ఉన్నాయి.

వీరబాబు కదల్లేకపోయాడు. తల తిప్పలేకపోయాడు. చేతిలో చెయ్యి ఇంకా అలాగే ఉంది. వేళ్ళు ఇంకాస్త బిగుసుకున్నాయి.

చెవి పక్కనే ఒక ముసలి గొంతు, మెల్లగా అడిగింది...

"ఎక్కడ కూర్చోమంటావు నాయనా?"